తిమింగలాన్ని చూడడానికి పర్మిట్ ఎందుకు? – కైకోరా కథ

వేటాడడానికి లైసెన్సు కావాలంటే అర్థం ఉంది. చెట్టు కొట్టడానికి, ఇసుక తవ్వడానికి అనుమతి కావాలన్నా అర్థం ఉంది. కాని పడవలో వెళ్ళి, దూరంగా ఆగి, తిమింగలాన్ని కళ్ళారా చూసి రావడానికి కూడా ప్రభుత్వం వారి పర్మిట్ ఉండాలంటే మొదటిసారి విన్నవారికి నవ్వు వస్తుంది. "చూస్తే దాని సొమ్మేం పోయింది?" అంటారు. నిజానికి చాలానే పోతుంది. ఏం పోతుందో, ఆ పర్మిట్ ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ఊరు కోర్టు దాకా వెళ్ళింది. ఆ వైనం మన సభ్యుల ముందుంచాలని ఈ వ్యాసం.

మనలో చాలామందికి పర్మిట్ అనే మాట కొత్త కాదు. దరఖాస్తు, విచారణ రిపోర్టు, నోట్ ఫైలు, షరతులు, రెన్యువల్ – వీటి మధ్యనే మన సర్వీసంతా గడిచింది. నేనూ కొన్నేళ్ళు లైసెన్సుల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణే. అందుచేత ఈ కథలో తిమింగలం కన్నా ముందు ఫైలే నన్ను ఆకర్షించిందంటే మిత్రులు ఆశ్చర్యపోరనుకుంటాను.

వేట నుంచి వేడుకకు

తిమింగలాన్ని చూపించి డబ్బు తీసుకోవడం పాత వ్యాపారమేమీ కాదు. 1955లో అమెరికాలోని శాన్ డియేగో తీరంలో ఒక జాలరి మనిషికి ఒక డాలరు చొప్పున పుచ్చుకుని, వలస పోయే బూడిద రంగు తిమింగలాలను పడవ మీద నుంచి చూపించాడు. ఈ వ్యాపారానికి అదే మొదలని చెబుతారు. అప్పటికి ప్రపంచమంతటా తిమింగలాల వేట ముమ్మరంగా సాగుతూనే ఉంది. నూనె కోసం, మాంసం కోసం వేలకు వేలు చంపేవారు. 1946 నాటి ఒప్పందం కింద ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో వ్యాపార వేటను నిలిపివేయాలని తీర్మానించింది. 1985-86 సీజను నుంచి అది అమలులోకి వచ్చింది.

వేట ఆగేసరికి వేడుక పెరిగింది. ఈ రంగాన్ని లెక్కగట్టినవారి అంచనా ప్రకారం 1998లో 87 దేశాలలో సుమారు 90 లక్షల మంది తిమింగలాలను చూడడానికి వెళ్ళారు. 2008 నాటికి ఆ సంఖ్య 119 దేశాలలో 1 కోటి 30 లక్షలకు చేరింది. దానిమీద ఆ ఏడాది జరిగిన ఖర్చు 210 కోట్ల డాలర్లు. ఒకనాడు వేటను నియంత్రించడానికి పుట్టిన ఆ అంతర్జాతీయ సంఘమే 1996లో, చూడబోయే పడవలు ఎలా మసలుకోవాలో సాధారణ సూత్రాలు రాయవలసి వచ్చింది.

రొయ్యల ఊరు

న్యూజిలాండ్ దక్షిణ దీవికి తూర్పు తీరాన కైకోరా అనే ఊరుంది. ఆ దేశపు ఆదివాసులైన మావోరీల భాషలో "కై" అంటే తిండి, "కోరా" అంటే పెద్ద రాతిరొయ్య. వెనుక మంచు కొండలు, ముందు సముద్రం. మామూలుగా తీరం నుంచి సముద్రం మెల్లమెల్లగా లోతవుతుంది. ఇక్కడ అలా కాదు. ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నీటి అడుగున ఒక పెద్ద లోయ ఉంది. దాని లోతు వెయ్యి మీటర్లకు పైనే. ఆ లోతులో మేత దొరుకుతుంది కనుక, ఇతర చోట్ల నడిసముద్రంలో గాని కనిపించని స్పెర్మ్ తిమింగలాలు ఇక్కడ ఏడాది పొడుగునా ఒడ్డుకు దగ్గరలోనే తిరుగుతాయి.

ఇటువంటి చోట మొదట వేట స్థావరమే వెలిసింది. 1840లలో రాబర్ట్ ఫైఫ్ అనే ఆయన ఒడ్డునే తిమింగలాలను కోసి నూనె కాచే కేంద్రం పెట్టాడు. అక్కడ ఇప్పటికీ నిలిచి ఉన్న ఫైఫ్ హౌస్ అనే పాత ఇంటికి పునాది దిమ్మలుగా తిమింగలాల వెన్నుపూసలు వాడారంటే, ఆ రోజుల్లో అవి ఎంత విరివిగా దొరికేవో ఊహించుకోవచ్చు. ఆ వేటపనిలో మావోరీలు కూడా కూలికి చేరారు. క్రమంగా తిమింగలాలు తగ్గాయి, వేట గిట్టుబాటు కాకుండా పోయింది. 1964 డిసెంబరులో ఉత్తరాన ఉన్న టోరీ చానల్ కేంద్రం మూతపడడంతో ఆ దేశంలో తిమింగలాల వేట ముగిసింది.

1978లో న్యూజిలాండ్ పార్లమెంటు సముద్ర క్షీరదాల రక్షణ చట్టం చేసింది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు తిమింగలం, డాల్ఫిన్, సీల్ – దేనినీ అనుమతి లేకుండా "పట్టరాదు" అన్నది. ఇక్కడే ఒక విశేషం. ఆ చట్టంలో "పట్టడం" అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. చంపడం, గాయపరచడం మాత్రమే కాదు. తరమడం, వేధించడం, కలవరపెట్టడం కూడా ఆ మాటలోకే వస్తాయి. వేటను ఆపడానికి రాసిన చట్టమే రేపు చూసేవారినీ అదుపు చేయగలిగిందంటే ఆ ఒక్క నిర్వచనమే కారణం. చట్టం ముసాయిదా రాసినవారి ముందుచూపుకు నమస్కారం చేయాలి.

నాలుగు కుటుంబాల సాహసం

1980లలో కైకోరా కష్టకాలంలో పడింది. ప్రభుత్వం రైల్వేలను, ఇతర శాఖలను కుదించింది. చిన్న ఉద్యోగాలు పోయాయి. ఎక్కువగా దెబ్బతిన్నవారు మావోరీలు. న్యాయం చెప్పాలంటే వారి కష్టం అప్పటిది కాదు. న్గాయ్ తాహు అనేది దక్షిణ దీవిలోని పెద్ద మావోరీ తెగ. 1859లో కైకోరా ప్రాంతంలో 25 లక్షల ఎకరాలకు పైబడిన భూమిని ప్రభుత్వం వారి దగ్గర 300 పౌన్లకు కొన్నది. తాతల నాటి భూమి అలా పోయింది, తండ్రుల నాటి కూలిపని పోయింది, చివరకు రైలు ఉద్యోగమూ పోయింది.

1987లో ఆ తెగలోని కాతి కురీ శాఖ వారు, బిల్ సోలొమన్ వంటి పెద్దల చొరవతో, ఒక ఆలోచన చేశారు. మావోరీల పురాగాథలలో పైకేయా అనే మూలపురుషుడు తిమింగలం వీపు మీద ఈ దేశానికి వచ్చాడు. తాతను మోసుకొచ్చిన ఆ జంతువే మనుమలకు దారి చూపుతుందని నమ్మారు. బ్యాంకు అప్పు కోసం నాలుగు కుటుంబాలు తమ ఇళ్ళు తాకట్టు పెట్టాయి. ఎనిమిది మంది పట్టే చిన్న గాలిపడవతో వ్యాపారం మొదలయింది. అదే తరువాతి కాలంలో వేల్ వాచ్ కైకోరా అనే సంస్థగా పేరు పొందింది. సొంత ఇల్లు తాకట్టు పెట్టడం అంటే ఏమిటో, హౌసింగ్ లోను కంతులు కట్టి రిటైరయిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పడవ నడిచింది, ఊరు నిలబడింది. పర్యాటకులు వచ్చారు, వారికోసం హోటళ్ళు, భోజనశాలలు వచ్చాయి. ఊరిలో పని దొరికింది.

షరతుల్లో తిమింగలం

జనం వచ్చేకొద్దీ అదుపు అవసరమయింది. 1987లో ఏర్పడిన పరిరక్షణ శాఖకు ఈ బాధ్యత దక్కింది. 1990లో ఒకసారి, 1992లో మరింత వివరంగా నిబంధనలు వచ్చాయి. ఈ 1992 నిబంధనలు చదువుతుంటే వీటిని రాసినవాడు గదిలో కూర్చుని రాయలేదు, పడవెక్కి రాశాడు అనిపిస్తుంది.

తిమింగలానికి 300 మీటర్ల లోపల పడవలు, విమానాలు కలిపి మూడుకు మించరాదు. ఆ పరిధిలో అల లేవనంత నెమ్మదిగా, అక్కడున్న జంతువుల్లో అన్నిటికన్నా నెమ్మదైనదాని వేగాన్ని మించకుండా వెళ్ళాలి. 50 మీటర్లకన్నా దగ్గరకు పోరాదు. పిల్లతో ఉన్న తల్లి అయితే 200 మీటర్లు. ఎదురుగా వెళ్ళరాదు, పక్కగా, కొంచెం వెనుకగా సమీపించాలి. తిమింగలాలతో ఈదరాదు. తిండి గాని చెత్త గాని విసరరాదు. పెద్ద శబ్దం చేయరాదు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన నిబంధన మరొకటి ఉంది. స్పెర్మ్ తిమింగలం సుమారు పది నిమిషాలు నీటిపైన ఉండి, ఊపిరి నింపుకుని, తోకను పైకెత్తి నిటారుగా మునుగుతుంది. ఆ మునక ముప్పావు గంట, ఒక్కొక్కసారి గంట ఉంటుంది. ఆ లోతులోనే దాని భోజనం. తోక ఎత్తి మునిగిందంటే తన పని మీద తను పోతున్నదన్నమాట. అలా కాక, ఉన్నట్టుండి దిశ మార్చినా, తోక చూపకుండా 1 నుంచి 5 నిమిషాల చిన్న మునకలు వేస్తున్నా, తక్షణం అందరూ దాన్ని వదిలి వెళ్ళిపోవాలని నిబంధన. "చూస్తే ఏం పోయింది" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. పోయేది దాని ఊపిరి. పైన గడిపే ఆ పది నిమిషాల విరామం చెడితే, దాని తిండి చెడుతుంది. నోరు లేని జీవి చెప్పుకోలేని ఫిర్యాదును దాని కదలికల్లోంచి చదివి నిబంధనగా రాశారు.

ఇక పర్మిట్ కావాలంటే దరఖాస్తులో ఏ ప్రాంతం, ఎటువంటి పడవ, రోజుకు ఎన్ని ట్రిప్పులు, నడిపేవారి అనుభవమేమిటి – అన్నీ రాయాలి. నడిపేవారికి అక్కడి సముద్రం, వాతావరణం తెలిసి ఉండాలి. జంతువులను హింసించిన నేరంలో శిక్ష పడి ఉండరాదు. తిమింగలాల నడవడికి చెప్పుకోదగ్గ చెరుపు జరగరాదు. పైగా ఆ యాత్ర వల్ల జనానికి తగినంత విజ్ఞానం కలగాలి. వ్యాపారానికిచ్చే పర్మిట్‌లో, వచ్చినవాడికి ఏదైనా నేర్పి పంపాలన్న షరతు ఉండడం విశేషం.

రెండో దరఖాస్తు

ఈ షరతుల జాబితాలో ఒక మాట లేదు. అర్హులు ఇద్దరు వస్తే ఎవరికివ్వాలి? ముందుగా కష్టపడి మార్గం వేసినవాడికి, ఆ నేలకు తరతరాల వారసుడికి ఏమైనా విలువ ఉందా? నిబంధనలు ఆ విషయం ఎత్తలేదు.

వ్యాపారం బాగుందని తెలిశాక మరొకరు కూడా అదే తీరంలో పడవ నడపడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. పరిరక్షణ శాఖ దాన్ని పరిశీలనకు తీసుకుంది. న్గాయ్ తాహు వారు అభ్యంతరం చెప్పారు. 1840లో బ్రిటిష్ రాణికి, మావోరీ తెగల నాయకులకు మధ్య వైటాంగి ఒడంబడిక జరిగింది. మావోరీల భూములు, అడవులు, చేపలు పట్టే జలాలు, వారు అమూల్యంగా భావించే సంపదలు వారికే ఉంటాయని అందులో మాట ఇచ్చారు. ఆ మాట ప్రకారం ఈ విషయంలో తమకు హక్కుందని వారి వాదన. నిబంధనలలో ఒడంబడిక ప్రసక్తే లేదని, మహా అయితే వారిని సంప్రదిస్తే చాలని ప్రభుత్వ పక్షపు వాదన.

కేసు అప్పీలు కోర్టుకు వెళ్ళింది. 1995లో అధ్యక్ష న్యాయమూర్తి సర్ రాబిన్ కుక్ తీర్పు చెప్పారు. మన ఆఫీసు బుర్రలకు ఆ తీర్పు మంచి విందు. 1987 నాటి పరిరక్షణ చట్టంలో నాలుగో సెక్షను ఒకటుంది. ఆ చట్టాన్ని వ్యాఖ్యానించేటప్పుడు, అమలు జరిపేటప్పుడు వైటాంగి ఒడంబడిక సూత్రాలకు కార్యరూపం ఇవ్వాలని దాని సారాంశం. తిమింగలాల రక్షణ చట్టం వేరు, ఇది వేరు. అయితే పరిరక్షణ చట్టం చివర ఉన్న షెడ్యూలులో, ఆ శాఖ అమలు జరపవలసిన చట్టాల జాబితాలో, తిమింగలాల చట్టం పేరు ఉంది. కనుక పొసగినంత మేరకు నాలుగో సెక్షను దీనికీ వర్తిస్తుందన్నారు. ఎవరూ చదవని చివరి పేజీ షెడ్యూలు ఒక తెగ భవిష్యత్తును నిలబెట్టింది.

అయితే తీర్పు ఏకపక్షంగా లేదు. 1840లో టికెట్టు కొని మరబోటు మీద తిమింగలాన్ని చూడడమనేది ఎవరి ఊహలోనూ లేదు. కాబట్టి ఈ వ్యాపారమే ఒడంబడికలో చెప్పిన సంపద అనడానికి వీల్లేదన్నారు. మరొకరికి ఇవ్వవద్దని అడ్డుకునే సర్వాధికారం కూడా వారికి లేదన్నారు. కాని ఈ వ్యాపారం వారి సంప్రదాయ జలాలతో, సంపదతో ఎంతగా ముడిపడి ఉందంటే, న్యాయబుద్ధి గల ఏ ఒడంబడిక భాగస్వామీ దాన్ని పట్టించుకోకుండా ఉండజాలదు. పిలిచి ఒకమాట చెప్పడంతో బాధ్యత తీరదు. వారి ప్రయోజనాన్ని చురుకుగా కాపాడాలి. తిమింగలాల క్షేమం, పర్యాటకులకు అందే సేవల నాణ్యత – ఈ రెండింటికీ లోబడి న్గాయ్ తాహు వారికి సమంజసమైన ప్రాధాన్యం ఇవ్వాలి. ఇదీ తీర్పు.

వరుస గమనించండి. ముందు తిమింగలం, తరువాత చూడవచ్చిన మనిషి, ఆ తరువాతనే పర్మిట్‌దారు. అయినా ఆ మూడో స్థానంలో, వరసలో నిలబడ్డ నలుగురిలో ఒకడిగా కాక, ఆ నేల మనిషిగా అతనికి గుర్తింపు దక్కింది.

ఈ తీర్పు సంగతి చదివినప్పుడు 1997 నాటి మన సమత తీర్పు నాకు గుర్తుకొచ్చింది. విశాఖ ఏజెన్సీలో గిరిజనేతరులకిచ్చిన గనుల లీజుల మీద సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. మన దగ్గర చట్టం బదిలీనే నిషేధించింది. అక్కడ ప్రాధాన్యం మాత్రమే ఇచ్చారు. తేడా ఉన్నా, కాగితం మీద సంతకం పెట్టే అధికారి ముందు నిలిచే ప్రశ్న రెండు చోట్లా ఒకటే: ఈ అనుమతి ఇస్తే ఆ నేల మనిషి ఏమవుతాడు?

ఇవ్వకపోవడమూ ఒక పనే

తరువాతి కథ కూడా చెప్పుకోదగ్గదే. పడవలు తిమింగలాలను ఎంత ఇబ్బంది పెడుతున్నాయో పరిశోధకులు ఏళ్ళ తరబడి పరిశీలించారు. ప్రభావం ఉంది కాని స్వల్పమని తేలింది. స్వల్పమే కదా అని పర్మిట్లు పెంచలేదు. 2012లో పరిరక్షణ శాఖ, స్పెర్మ్ తిమింగలాలను చూపించడానికి మరో పదేళ్ళ పాటు కైకోరాలో కొత్త అనుమతులు ఇవ్వబోమని ప్రకటించింది. 2014లో ప్రత్యేక చట్టం ద్వారా ఆ తీరంలో తిమింగలాల అభయారణ్యం ఏర్పడింది. సముద్రగర్భంలో చమురు వెతికే పేలుళ్ళ శబ్దాలకు అక్కడ కట్టుదిట్టమైన హద్దులు పెట్టారు.

2016 నవంబరు 14న అర్ధరాత్రి దాటగానే 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. కైకోరాకు రోడ్డు, రైలు రెండూ తెగిపోయాయి. పడవల రేవు అడుగుభాగం పైకి లేచి, పోటు వేళ తప్ప పడవ కదలని స్థితి వచ్చింది. నీటి అడుగు లోయలో బురద కదిలిపోయి తిమింగలాల మేత చెడింది. అవి కోలుకోవడానికి సుమారు ఏడాది పట్టింది. రేవు తవ్వి బాగు చేసేసరికి మనుషులకూ అంతే పట్టింది. ఒకే జంతువు మీద ఊరంతా ఆధారపడితే ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

మరొక సంగతి దాచకుండా చెప్పాలి. 1990ల నుంచి అక్కడ వేసవిలో కనిపించే స్పెర్మ్ తిమింగలాల సంఖ్య తగ్గుతూ వచ్చిందని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. ఇందుకు పడవలే కారణమని నిర్ధారణ కాలేదు. సముద్రంలో మార్పుల వల్ల మేత తగ్గడం వైపే అనుమానం ఎక్కువ. అయినా నిబంధనలు ఇంత చక్కగా ఉన్నాయి కనుక అంతా క్షేమమే అనుకోవడానికి వీల్లేదని దీనివల్ల తెలుస్తోంది. పర్మిట్ పడవను ఆపగలదు. వేడెక్కుతున్న సముద్రాన్ని ఆపలేదు.

మన పిల్లలు ఆక్లండ్, సిడ్నీ, కాలిఫోర్నియాలలో స్థిరపడ్డారు. వారి దగ్గరకు వెళ్ళిన మన సభ్యులను ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి పడవ ఎక్కిస్తారు. ఎక్కే ముందు ఆ పడవకు అనుమతి ఉన్నదీ లేనిదీ అడగండి. సరంగు ఇంజను తగ్గించి దూరంగా ఆపేస్తే, "ఇంత డబ్బు పుచ్చుకుని ఇంకొంచెం దగ్గరకు పోనివ్వడేం?" అని విసుక్కోకండి. ఆ మిగిలిన 50 మీటర్ల నీరు తిమింగలానిది. అది తోక ఎత్తి మునిగేదాకా ఓపిక పట్టండి. ఆ తోక కనిపించిందంటే, మీ వల్ల దాని పనికి ఆటంకం కలగలేదనే అర్థం.